నీటి చిరుజీవులపై జమిలి ఒత్తిడులు

చెరువులు, వాగులు, సరస్సులు, సముద్రాల్లో బతికే చిన్న జంతువుల మీద రసాయన కాలుష్యం, నీటి వేడి, ఆక్సిజన్ కొరత, ఉప్పదనం, ఆమ్లత, తిండి కరువు, రోగాలు, వేటాడే జీవుల భయం ఒకేసారి గానీ ఒకదాని వెంట ఒకటి గానీ పడినప్పుడు కలిగే మొత్తం ప్రభావాన్ని జమిలి ఒత్తిడి అనవచ్చు. శాస్త్ర గ్రంథాల్లో దీన్ని బహుళ ఒత్తిడి కారకాల ప్రభావం అంటారు. ప్రయోగశాలలో ఆరోగ్యంగా పెంచిన జంతువు మీద, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఒక్క విషాన్ని పరీక్షించి 'ఇంతవరకు ఫరవాలేదు' అని తేల్చిన మోతాదు బయటి నీటిలో ఎంతవరకు నిలుస్తుంది అన్నది ఈ అంశానికి మూల ప్రశ్న. చాలాచోట్ల నిలవడం లేదని గత పాతికేళ్ల పరిశోధన చెబుతోంది. అయితే ఎందుకు నిలవడం లేదన్న దానికి అన్ని నీళ్లకూ సరిపోయే జవాబు ఒక్కటి దొరకలేదు.

ఏ జీవులు

ఇక్కడ చిరుజీవులంటే బాక్టీరియా కాదు, కంటికి చుక్కలా, మహా అయితే గోరంత కనిపించే జంతువులు. మంచినీటిలో డాఫ్నియా, కోపెపాడ్లు, రోటిఫర్లు, రొయ్యకు దగ్గరి చుట్టమైన గమ్మారస్, తూనీగ, మేఫ్లై వంటి కీటకాల నీటి దశ పిల్లలు, నత్తలు, తోకకప్పలు ఈ కోవలోకి వస్తాయి. సముద్రంలో కలానస్ వంటి కోపెపాడ్లు, రెక్కల నత్తలు, రొయ్యల, పీతల డింభకాలు. వీటిలో నీటితో పాటు కొట్టుకుపోతూ బతికేవాటిని జంతు ప్లవకాలంటారు. నాచుకూ చేపకూ మధ్య మెట్టు ఇవే. పిల్లచేపకు నోట్లో పట్టే తిండి దాదాపుగా ఇవే కాబట్టి, ఈ మెట్టు కుంగిన సంగతి చాలాసార్లు పైమెట్టులో ఉన్న జాలరికి ముందుగా తెలుస్తుంది.

ఈ అంశంలో సగం పరిశోధన డాఫ్నియా చుట్టూనే తిరిగినట్లు అనిపిస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ స్వామర్‌డామ్ 1669లోనే దీన్ని వర్ణించాడు. ఎగిరెగిరి ఈదే తీరు చూసి పాశ్చాత్యులు దీనికి కుక్క ఒంటి మీద గెంతే పురుగు పేరు పెట్టారు. నిజానికి ఇది పురుగు కాదు, రొయ్యల, పీతల వంశం. ఒళ్లు గాజులా పారదర్శకం. సూక్ష్మదర్శిని కింద పెడితే గుండె కొట్టుకోవడం, పేగులో పచ్చటి నాచు, వీపు సంచిలో పిల్లలు అన్నీ కనిపిస్తాయి. కాలం బాగున్నప్పుడు ఆడవి మగతోడు లేకుండానే తమలాంటి పిల్లల్ని కంటాయి. 20 డిగ్రీల నీటిలో 8 నుంచి 10 రోజులకు తొలి కాన్పు, ఆ తర్వాత మూడేసి రోజులకో కాన్పు. ఒకే తల్లి పిల్లలన్నీ ఒకే జన్యు నకళ్లు కావడంతో ప్రయోగానికి ఇంతకంటే అనువైన జంతువు లేదు. 2011లో డాఫ్నియా పులెక్స్ జన్యుపటం వెలువడినప్పుడు అందులో సుమారు 31,000 జన్యువులు తేలాయి. మనిషికి ఉన్నవాటికంటే ఎక్కువని అప్పటి లెక్క. వాటిలో చాలా పరిసరాల మార్పుకు స్పందించేవి. ఊరి చెరువులో రోజుకో ఆపద ఎదుర్కొనే జీవికి అన్ని పనిముట్లు ఉండటంలో వింత లేదు.

జీతం ఒకటే, ఖర్చులు పది

జంతువుకు శక్తి వచ్చేది తిన్న తిండి నుంచే. ఊపిరికి, కదలికకు, ఎదుగుదలకు, గుడ్లకు ఆ శక్తే. విషం ఒంట్లో చేరితే దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైములను తయారు చేయాలన్నా, వేడికి చెడిన ప్రోటీన్లను సరిదిద్దాలన్నా, ఉప్పునీటిలో ఒంటి లవణాలను అదుపులో పెట్టుకోవాలన్నా ఖర్చు ఆ పద్దులోంచే. ఒకే జీతం మీద నడిచే సంసారంలో అనుకోని వైద్యఖర్చు వస్తే ముందు పండగ బట్టలు మానేస్తాం. డాఫ్నియా కూడా అంతే. ముందు గుడ్లు తగ్గిస్తుంది, తర్వాత ఎదుగుదల ఆపుతుంది, చావు చివరి మాట. అందుకే ఎన్ని చచ్చాయో మాత్రమే లెక్కించే పరీక్షకు ఈ కథలో మొదటి రెండు అంకాలు కనిపించవు.

వేడి ఈ పద్దును రెండు వైపుల నుంచీ కోస్తుంది. చల్లరక్తపు జంతువుల్లో నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే జీవక్రియ వేగం ఉజ్జాయింపుగా రెట్టింపు అవుతుంది, అంటే ఆక్సిజన్ అవసరం రెట్టింపు. అదే సమయంలో నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచితే, 30 డిగ్రీల దగ్గర అది 7.6 మాత్రమే. డాఫ్నియా దీనికి ఒక ఉపాయం పన్నుకుంది: ఆక్సిజన్ తగ్గితే హీమోగ్లోబిన్‌ను పదింతల దాకా పెంచుకుని ఎర్రబడుతుంది. చెరువు నీళ్లలో ఎర్రటి డాఫ్నియా గుంపు కనిపిస్తే అక్కడ ఊపిరాడటం లేదని అర్థం. ఆ ఎరుపు ఊరికే రాదు, దానికీ శక్తి ఖర్చే. ఇంత ఖర్చు నడుస్తున్న వేళ పొలం నుంచి పురుగుమందు కొట్టుకొస్తే, మామూలు రోజుల్లో తట్టుకునే మోతాదుకే జంతువు కుప్పకూలుతుంది. జర్మనీ శాస్త్రవేత్త మథియాస్ లీస్ బృందం 2016లో అప్పటిదాకా వచ్చిన నీటి జీవుల అధ్యయనాలను కూడగట్టి చూసింది. పరిసరాల ఒత్తిడి తోడైతే విషానికి జంతువు లొంగే గుణం 100 రెట్ల దాకా పెరగగలదని తేల్చింది. ప్రయోగశాల అంకెకు, వాగులో వాస్తవానికి మధ్య అంత దూరం ఉండవచ్చు.

వేడి అన్ని విషాలకూ తోడుదొంగ కాదు

వేడెక్కిన నీటిలో జంతువు ఎక్కువ నీళ్లను మొప్పల మీదుగా పారించాలి. ఆ నీటితో పాటు కాడ్మియం, రాగి వంటి లోహాలూ ఎక్కువగా ఒంట్లోకి వెళ్తాయి. క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులది మరో దారి. అవి డబ్బాలో ఉన్న రూపంలో అంత ప్రమాదం కాదు. జంతువు ఒంట్లోని ఎంజైములే వాటిని అసలు విషంగా మారుస్తాయి. వేడికి ఆ మార్పు వేగం పుంజుకుంటుంది. జంతువు తన చేత్తోనే విషం కలుపుకున్నట్టు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో సన్న తూనీగల పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో సగటు ఉష్ణోగ్రతే కాక, పగటికీ రాత్రికీ మధ్య తేడా పెరిగినా క్లోర్‌పైరిఫాస్ విషం ముదిరింది. సగటు అంకెల మీద ఆధారపడే వాతావరణ నమూనాలకు ఇది ఇబ్బంది కలిగించే సంగతి.

పైరిత్రాయిడ్లు, డీడీటీల దగ్గరికొస్తే లెక్క తలకిందులు. నరాల్లోని సోడియం ద్వారాల మీద పనిచేసే ఈ మందులు చల్లటి నీటిలోనే ఎక్కువ చంపుతాయి. పైగా వేడి చాలా మందులను త్వరగా విరిచేస్తుంది కూడా. కాబట్టి భూమి వేడెక్కితే ప్రతి విషమూ ముదురుతుందని పత్రికల్లో తరచూ కనిపించే వాక్యం సగమే నిజం. ఏ మందు, ఎంతసేపు, ఏ నీటిలో అన్నది చూడకుండా ఆ మాట అనకూడదు.

ఎండతో కూడా కొన్ని విషాలకు పొత్తు ఉంది. ముడిచమురులో, తారులో, పొగలో ఉండే ఆంత్రసీన్ వంటి పదార్థాలు చీకట్లో పెద్దగా హాని చేయని మోతాదులోనే ఎండ తగిలితే చంపుతాయని 1980లలో గుర్తించారు. అతినీలలోహిత కిరణాలు ఒంట్లో చేరిన ఆ అణువులను రెచ్చగొట్టి కణజాలాన్ని కాలుస్తాయి. పారదర్శకమైన ఒళ్లు ఇక్కడ శాపం. ప్రయోగశాల దీపం కింద చేసిన పరీక్షకు ఈ ప్రమాదం పట్టుబడదు.

భయం కూడా ఒక ఒత్తిడే

వేటాడే జీవి దగ్గర్లో ఉందని నీటిలోని వాసన పసిగట్టి చిరుజీవులు రూపాన్నీ నడవడినీ మార్చుకుంటాయి. కొన్ని డాఫ్నియాలకు తల మీద శిరస్త్రాణం లాంటి కొస, వెనక ముల్లు పెరుగుతాయి. అమెరికా శాస్త్రవేత్త రిక్ రెలియా 2000 దశకం తొలినాళ్లలో తోకకప్పల తొట్లలో కార్బరిల్ అనే పురుగుమందు కలిపి, కొన్ని తొట్లలో వేటాడే జీవిని పంజరంలో పెట్టి ఉంచాడు. అది ఎవరినీ తినే వీలు లేదు, దాని వాసన మాత్రమే నీటిలో. అయినా కొన్ని జాతుల తోకకప్పల్లో మందు 46 రెట్ల దాకా ఎక్కువ ప్రాణాంతకమైంది. అన్ని జాతుల్లోనూ ఇలా జరగలేదన్నది కూడా అంతే ముఖ్యం. శుభ్రమైన గాజు తొట్టిలో శత్రువు ఎరగని జంతువు మీద తేల్చిన సురక్షిత మోతాదును ఈ ప్రయోగం ఎంత అనుమానంలో పడేసిందో, పెద్ద పెద్ద రసాయన విశ్లేషణలు కూడా అంతగా పడేయలేదు.

కూడికా, గుణకారమా

రెండు ఒత్తిళ్లు కలిస్తే ఫలితం వాటి మొత్తానికి సమానమా, ఎక్కువా, తక్కువా? సమానమైతే కూడిక, ఎక్కువైతే హెచ్చింపు లేదా సినర్జీ, తక్కువైతే తగ్గింపు అంటారు. వినడానికి తేలికగా ఉన్నా, ఈ రంగంలో తగాదాలన్నీ ఇక్కడే. సీగ్‌ఫ్రీడ్ లోవే 1926లో ఒక కొలబద్ద ప్రతిపాదించాడు; ఒకే తీరున పనిచేసే రెండు మందుల్లో ఒకదాన్ని మరోదానికి పలుచన రూపంగా చూడవచ్చన్నది దాని సారం. చెస్టర్ బ్లిస్ 1939లో ఇంకో కొలబద్ద ఇచ్చాడు; వేర్వేరు తీరుల్లో పనిచేసేవి అయితే ఒక్కోదాన్నుంచి బతికి బయటపడే అవకాశాలను గుణించాలన్నాడు.

100 డాఫ్నియాల్లో వేడి ఒక్కటే 20ని, విషం ఒక్కటే 30ని చంపుతుందనుకుందాం. ఉత్త కూడికైతే రెండూ కలిసి 50ని చంపాలి. బ్లిస్ లెక్కలో వేడికి 80, వాటిలో విషానికి నూటికి 70 చొప్పున 56 మిగులుతాయి, అంటే చావులు 44. ఇప్పుడు నిజంగా 47 చచ్చాయనుకోండి. ఉత్త కూడిక పట్టుకున్నవారు తగ్గింపు అంటారు, బ్లిస్ లెక్క పట్టుకున్నవారు హెచ్చింపు అంటారు. చచ్చిన డాఫ్నియాలు మాత్రం అవే. ఈ రంగంలో వచ్చిన పరస్పర విరుద్ధమైన శీర్షికల్లో కొన్ని ఇలా పుట్టినవే.

ఈ హెచ్చరిక మనసులో ఉంచుకుని పెద్ద లెక్కలు చూడాలి. సముద్ర జీవుల మీద 171 అధ్యయనాలను 2008లో కెయిట్లిన్ క్రెయిన్, క్రిస్టీ క్రోకర్, బెంజమిన్ హాల్పెర్న్ కూడగట్టినప్పుడు కూడిక 26%, హెచ్చింపు 36%, తగ్గింపు 38% వచ్చాయి. మంచినీటి జీవుల మీద మిషెల్ జాక్సన్ బృందం 2016లో 286 ఫలితాలను పరిశీలిస్తే తగ్గింపు 41%, హెచ్చింపు 28%, కూడిక 16%. మిగిలిన 15%లో ఫలితం ఎదురు దిక్కుకే తిరిగింది. రెండు కష్టాలు కలిస్తే నాలుగింతల నాశనం అన్న సామాన్య ఊహను ఈ అంకెలు బలపరచవు.

తగ్గింపు ఎక్కువని తెలిసి ఊపిరి పీల్చుకోనక్కరలేదు. చాలాసార్లు జరిగేదేమిటంటే, పెద్ద ఒత్తిడి చిన్నదానికి చేయడానికి పనేమీ మిగల్చదు. వేడికి ఇప్పటికే చచ్చిన జంతువును విషం మళ్లీ చంపలేదు. లెక్కలో అది తగ్గింపే. ఇంకోటి, మొదటి ఒత్తిడి సున్నితమైన జాతులను ఏరిపారేస్తే మిగిలే మొండి జాతులు రెండోదాన్నీ తట్టుకుంటాయి. మురికికాలువలో పెరిగే కొన్ని పురుగులు వేడికీ, ఆక్సిజన్ కరువుకూ చలించవు. అక్కడ ప్రయోగం చేస్తే రెండో ఒత్తిడి ప్రభావం శూన్యమని వస్తుంది, ఎందుకంటే పోవాల్సినవి ఎప్పుడో పోయాయి. ఇలాంటి నీటిలో ఒక కాలుష్యాన్ని తీసేసినంత మాత్రాన పాత జీవులు తిరిగిరావు. దాని చాటున దాగిన రెండోది అప్పుడు బయటపడుతుంది. నదుల పునరుద్ధరణలో ఎదురయ్యే నిరాశలకు ఇది ఒక కారణం.

పది ఒత్తిళ్లుంటే జంటలు 45. రెండేసి, మూడేసి, నాలుగేసి, ఇలా పదింటి దాకా అన్నీ కలిపితే కలయికలు వెయ్యి దాటతాయి. ప్రపంచంలో తయారీకి, వాడకానికి నమోదైన రసాయనాలు, మిశ్రమాలు 3,50,000కు పైగా ఉన్నాయి. అన్నిటినీ పరీక్షించే ప్రయోగశాల ఏ దేశంలోనూ లేదు, రాదు కూడా.

కొన్ని నీళ్ల కథలు

జపాన్‌లోని షిమానే ప్రాంతంలో షింజి సరస్సు చుట్టూ వరి పొలాలు. 1993లో ఆ పొలాల్లో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వాడకం మొదలైంది. వరి రైతుకు పరిచయం అక్కరలేని మందు. సరస్సులో వసంతకాలపు జంతు ప్లవకాల బరువు సగటున 83% పడిపోయింది. వాటిని తిని బతికే వకసాగి చేపల దిగుబడి ఏటా 240 టన్నుల నుంచి 22 టన్నులకు జారింది. 2019లో వెలువడిన ఈ పరిశోధన తక్కిన కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి పక్కన పెట్టాక మందు వైపు వేలు చూపింది. జమిలి ఒత్తిళ్లున్న చోట ఒక్క దోషిని పట్టుకోవడానికి అలాంటి ఓపిక కావాలి, దశాబ్దాల పాత రికార్డులూ కావాలి.

కెనడాలోని ఒంటారియో సరస్సులది మూడు తరాల కథ. ముందు ఆమ్ల వర్షం పడింది. అది అడవి నేలలోని సున్నాన్ని కడిగేసింది. తర్వాత చట్టాలొచ్చి ఆమ్ల వర్షం తగ్గింది, కానీ నేలలో సున్నం నిల్వ అప్పటికే అడుగంటి నీటిలో కాల్షియం పడిపోతూ వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే తగ్గితే డాఫ్నియా పులెక్స్‌కు పెంకు గట్టిపడదు, కాన్పులు తగ్గుతాయి. ఆడమ్ జెజియోర్స్కీ బృందం 2008లో దీన్ని బయటపెట్టింది. డాఫ్నియా తప్పుకున్న చోట హోలోపీడియం అనే, ఒంటి చుట్టూ జిగురు గుడ్డలాంటి పొర కట్టుకునే జీవి పెరిగింది. దానికి కాల్షియం తక్కువ చాలు. అవి ఎక్కువైన నీటిలో జిగురు పేరుకుని నీటి శుద్ధి వడపోతలు మూసుకుపోతున్నాయి. పాపం చేసిన తరం వెళ్లిపోయాక కూడా నేల బాకీ వసూలు చేసుకుంటోందన్న మాట.

చలిదేశాల్లో మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు చెరువుల్లో చేరుతుంది. క్లోరైడుకు దీర్ఘకాలిక పరిమితి అమెరికాలో లీటరుకు 230, కెనడాలో 120 మిల్లీగ్రాములు. అమెరికా, కెనడా, స్వీడన్, స్పెయిన్‌లలో ఒకే పద్ధతిలో చేసిన ప్రయోగాల ఫలితం 2022లో వచ్చింది. దాదాపు నాలుగింట మూడు వంతుల చోట్ల ఈ పరిమితుల దగ్గరే, లేదా అంతకు తక్కువలోనే, జంతు ప్లవకాలు భారీగా తగ్గాయి. చట్టం కాపాడతానన్న గీతకు ఇవతలే నష్టం జరిగిపోయింది.

జర్మనీ వాగుల్లో 2018, 2019లలో వందకు పైగా చోట్ల వాన పడ్డ వెంటనే నీళ్లు పట్టి చూశారు. వ్యవసాయ ప్రాంతపు వాగుల్లో 81% చోట్ల పురుగుమందులు అనుమతించిన హద్దు దాటాయి. నెలకోసారి సీసా నింపుకొచ్చే మామూలు పద్ధతిలో ఈ వాన వరద చిక్కదు. అది కొన్ని గంటలే ఉంటుంది, కానీ కీటకాల పిల్లలకు ఆ కొన్ని గంటలే చాలు.

సైబీరియాలోని బైకాల్ సరస్సు రికార్డు ఒక కుటుంబం కాపాడిన ఆస్తి. మిహాయిల్ కోజోవ్ 1945లో మొదలుపెట్టి, ఆయన కూతురు, ఆ తర్వాత మనవరాలు మూడు తరాల పాటు నీళ్లు తోడి లెక్కలు రాశారు. 1946 నుంచి అరవై ఏళ్లలో పైనీరు 1.21 డిగ్రీలు వేడెక్కగా, డాఫ్నియా బంధువులు 335% పెరిగాయని 2008లో తేలింది. చలికి అలవాటైన స్థానిక జీవుల చోటు వాటిదవుతోంది. ఉత్తర సముద్రంలో 1931 నుంచి ఓడల వెనక కట్టి లాగే అలిస్టర్ హార్డీ రూపొందించిన, ప్లవకాలను పట్టే యంత్రం చెప్పేదీ ఇలాంటిదే. చల్లనీటి కలానస్ ఉత్తరానికి జరిగింది, ఆ సమయంలోనే కాడ్ చేపను అతిగా పట్టారు. కాడ్ పిల్లలకు సరైన వేళకు సరైన తిండి లేకపోవడం, పెద్ద కాడ్లు వలల్లో పోవడం రెండూ కలిసి ఆ చేపను దెబ్బతీశాయి.

కొల్లేరు నుంచి పటాన్‌చెరు దాకా

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. +5 అడుగుల కాంటూరు దగ్గర 308 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్ల తొలగింపు. బుడమేరు, తమ్మిలేరు వెంట ఊళ్ల మురుగు, పొలాల మందులు, ఎరువులు దిగుతాయి. ఉప్పుటేరు గుండా వేసవిలో సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. చుట్టూ చేపల, రొయ్యల చెరువుల నీళ్లు. జమిలి ఒత్తిడి అంటే ఏమిటో పుస్తకం తెరవకుండా చూపించే చోటు ఇది.

ఆక్వా రైతుకు ఈ శాస్త్రంలో చాలా భాగం అనుభవం ద్వారా తెలుసు. మేత ఎక్కువై నీళ్లు పచ్చబడితే నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది. సాయంత్రానికి పీహెచ్ 9కి ఎగబాకుతుంది. అప్పుడు అమ్మోనియా రూపం మారుతుంది. పీహెచ్ 8, 20 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం 4 శాతం లోపే; అదే 30 డిగ్రీలైతే 7.5%, పీహెచ్ 9, 30 డిగ్రీలైతే దాదాపు 45%. నీటిలో కొత్తగా ఒక్క గ్రాము అమ్మోనియా కలపకుండానే విషం పదింతలు దాటిందన్న మాట. ఇక రాత్రి నాచు కూడా ఊపిరి పీల్చే వరసలో చేరడంతో తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ పడిపోతుంది. సాయంత్రం అమ్మోనియా, తెల్లవారుజామున ఆక్సిజన్ కరువు: రెండు షిఫ్టుల ఒత్తిడి. తెల్లారి చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం రైతు చూస్తాడు. ఆ నీటిలోని జంతు ప్లవకాలు రాత్రే దెబ్బతిన్నా కంటికి కనిపించదు.

చేప పేను పట్టినప్పుడు వాడే పైరిత్రాయిడ్ మందులది మరో చిక్కు. చేప పేను కూడా డాఫ్నియా, రొయ్యల వంశానిదే. పేనును చంపే మందు డాఫ్నియాను, కోపెపాడ్‌ను వదలదు. నాచును మేసేవి పోతే నాచు విజృంభిస్తుంది, పీహెచ్ మళ్లీ ఎగబాకుతుంది. ఒక మందుతో రసాయన విషం, అమ్మోనియా, ఆక్సిజన్ కరువు మూడూ వరుసలో వస్తాయి. మన వేసవి వేడికి పైరిత్రాయిడ్ విషం కొంత తగ్గాలి నిజమే, కానీ ఈ గొలుసు దానికి లొంగదు.

హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో మందుల కంపెనీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 కంపెనీల వ్యర్థజలం అక్కడికి చేరేది. సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే ఎక్కువ. ప్రపంచం ఆ వార్తను యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా కోణంలోనే చదివింది, అది సరైనదే. కానీ అక్కడ ఉన్నది ఒక్క సిప్రోఫ్లోక్సాసినే కాదు, రకరకాల మందులు ఒకే ధారలో ఉన్నాయి. ఒక్కోదానికి విడివిడిగా హద్దు గీసే పద్ధతి ఎక్కడ చేతులెత్తేస్తుందో చూపడానికి ఆ ధార మంచి ఉదాహరణ.

పరీక్షలూ నిబంధనలూ

ప్రపంచమంతటా వాడే ఓఈసీడీ 202వ పరీక్షలో 24 గంటలు కూడా నిండని డాఫ్నియా పిల్లలను 18 నుంచి 22 డిగ్రీల నీటిలో 48 గంటలు ఉంచి, ఎన్ని కదలడం మానేశాయో చూస్తారు. 211వ పరీక్షలో 21 రోజులు ఉంచి పిల్లల్ని లెక్కిస్తారు. రెండూ పకడ్బందీవే, ఏ దేశంలో చేసినా పోల్చుకోవడానికి వీలుగా ఉండేవే. పోలిక కోసమే వేడినీ, ఆకలినీ, శత్రువునూ పక్కన పెట్టారు. ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో మే నెల నీరు 22 డిగ్రీల దగ్గర ఉండదన్న సంగతి ఆ పద్ధతి లెక్కలోకి రాదు.

భారతదేశంలో 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం, శుద్ధి చేసిన వ్యర్థజలంలో ఏమీ కలపకుండా పెట్టిన చేపల్లో 96 గంటల తర్వాత 90% బతికి ఉండాలి. విడివిడి రసాయనాల జాబితాతో సరిపెట్టకుండా మొత్తం నీటిని జంతువు చేతే పరీక్షించే ఈ పద్ధతి మిశ్రమాల విషయంలో ఉత్త జాబితా కంటే నయం. కానీ డాఫ్నియా చచ్చే నీటిలో చేప నాలుగు రోజులు బతికే మందులు చాలా ఉన్నాయి. ఐరోపాలో ఇప్పుడు ప్రతి రసాయనం హద్దునూ ఒక సంఖ్యతో భాగించి మిశ్రమాలకు ముందే చోటు మిగల్చాలన్న ప్రతిపాదన మీద చర్చ నడుస్తోంది. ఆ సంఖ్య ఎంతన్న దగ్గర పరిశ్రమకూ శాస్త్రజ్ఞులకూ కుదరడం లేదు.

భూమి వేడిని ఒక ఊరు, ఒక జిల్లా తగ్గించలేదు. మురుగు, మందు, ఉప్పు తగ్గించగలదు. వాగు గట్టున చెట్లుంటే నీడకు నీరు చల్లబడుతుంది, పొలం మందు కొంత మట్టిలోనే ఆగుతుంది. హెచ్చింపు ఉన్న చోట ఇలాంటి ఒక్క పనికే పెద్ద ఫలితం వస్తుంది. తగ్గింపు ఉన్న చోట రాకపోవచ్చు.

అలవాటు పడటం, దాని ఖరీదు

కాన్పుకూ కాన్పుకూ మధ్య మూడు రోజులే ఉన్న జీవి వేగంగా మారగలదు. కాలం చెడ్డప్పుడు డాఫ్నియా మగతోడుతో గట్టి పెంకు గుడ్లు పెడుతుంది. అవి అడుగు మట్టిలో పొరలు పొరలుగా దశాబ్దాల పాటు నిద్రపోతాయి. మట్టిని గొట్టంతో తీసి, పొరల వయసు కట్టి, ఆ గుడ్లను పొదిగిస్తే తాతముత్తాతలనూ మనవళ్లనూ పక్కపక్కన పెట్టి పరీక్షించవచ్చు. ఇంగ్లండ్‌లోని ఒక సరస్సు నుంచి 1955-65 నాటి గుడ్లను, 1995-2005 నాటి గుడ్లను ఇలా పొదిగించారు. కొత్త తరం పాత తరం కంటే ఎక్కువ వేడిని తట్టుకుందని 2015లో వెల్లడైంది. ఐరోపాలోని కాన్‌స్టెన్స్ సరస్సులో పోషకాలు చేరి విషపు నీలి ఆకుపచ్చ నాచు పెరిగిన కాలానికి ముందరి డాఫ్నియాలు ఆ నాచు తింటే ఎదగలేకపోయాయి, ఆ తర్వాతివి నెగ్గుకొచ్చాయి. నెల్సన్ హేర్‌స్టన్ బృందం 1999లో ప్రచురించిన ఆ ప్రయోగం ఈ పద్ధతికి దారి వేసింది.

ఇలా మారడం ఉచితం కాదు. కార్బరిల్ మందు పెట్టి కొన్ని తరాలు పెంచిన డాఫ్నియాలు ఆ మందును తట్టుకోవడం నేర్చుకున్నాయి, కానీ పాస్ట్యూరియా అనే పరాన్నజీవి బాక్టీరియాకు ముందుకంటే తేలికగా లొంగాయి. మళ్లీ అదే పద్దు, అదే జీతం.

అమెరికాలోని మిన్నెసోటాలో సౌత్ సెంటర్ సరస్సు అడుగు నుంచి తీసిన గుడ్లలో కొన్నిటి వయసు సుమారు 700 ఏళ్లు. అవి పొదిగి పిల్లలయ్యాయని 2014లో ప్రకటించారు. ఐరోపా వలసదారులు ఆ సరస్సు చుట్టూ పొలాలు దున్ని ఫాస్ఫరస్‌ను నీటిలోకి వదలకముందు బతికిన జీవుల గుడ్లవి. ప్రయోగశాలలో నేటి డాఫ్నియాలతో పాటు వాటినీ పెంచి చూస్తే, ఫాస్ఫరస్ కరువైన నీటిలో దాన్ని పొదుపుగా వాడుకోవడం పాతవాటికే బాగా తెలుసు. ఎరువు నీటికి అలవాటైన తర్వాతి తరాల్లో ఆ నేర్పు చాలావరకు పోయింది.